ఒక మీటుకు ఎన్ని స్వరాలు?

గిటార్, మాండలిన్ నేర్చుకునేవాళ్ళకూ నేర్పేవాళ్ళకూ పనికొచ్చే ఒక చిన్న వస్తువు గురించి ఈ పూట మాట్లాడతాను. అది పిక్. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని తీగను మీటే పలుచని పలక. బరువు గ్రాముకు అటూ ఇటూ ఉంటుంది. చొక్కా జేబులో పడితే మళ్ళీ దొరకడం కష్టం. అయినా గిటార్ నాదంలో సగం దాని చేతిలోనే ఉంది.

గోదావరి జిల్లాల్లో గిటార్ ఇవాళ కొత్త వాద్యం కాదండి. ఆదివారం ఆరాధనలో వినిపిస్తుంది, చవితి పందిట్లో ఆర్కెస్ట్రాలో వినిపిస్తుంది, పెళ్ళి రిసెప్షన్లో, కాలేజీ వార్షికోత్సవంలో వినిపిస్తుంది. కొనేటప్పుడు పిల్లలూ తల్లిదండ్రులూ చాలా విచారిస్తారు. పై పలక ఏ చెక్క, తీగలు ఏ కంపెనీవి, లోపల పికప్ ఉందా లేదా అని నలుగురినీ అడుగుతారు. పిక్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం దుకాణదారు ఏది చేతిలో పెడితే అదే. ఎర్రగా ఉందనో, మెరుస్తోందనో ఒకటి తెచ్చుకుంటారు. ఏడాది గడిచాక శబ్దం పలుచగా ఉందని, వేగం రావడం లేదని బాధపడి గిటార్ మార్చాలనుకుంటారు. మార్చాల్సింది చాలాసార్లు పిక్ ఒక్కటే.

మరి ఏ పిక్ కొనాలి? ఖరీదైన పిక్‌లు కూడా బజారులోకి వచ్చాయి. ఒక్కో పిక్ వేల రూపాయలు పలుకుతోంది. దాన్ని కొనాలా, వద్దా? ధరకూ కంపెనీకీ ముందు మనల్ని మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. నేను వాయించే సంగీతంలో ఒక మీటుకు ఎన్ని స్వరాలు పలకాలి? దీనికి జవాబు దొరికితే పిక్ మందం, మొన, పదార్థం అన్నీ ఒక్కొక్కటిగా తేలిపోతాయి.

ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో చెప్పడానికి మనం దూరం వెళ్ళనక్కర్లేదు. పంచారామాల్లో ఒకటైన క్షీరారామం ఉన్న పాలకొల్లు చాలు. ఆ ఊళ్ళో 1969 ఫిబ్రవరి 28న ఉప్పలపు శ్రీనివాస్ పుట్టారు. లోకం ఆయన్ని మాండలిన్ శ్రీనివాస్ అని పిలుచుకుంది. తండ్రి సత్యనారాయణ గారు సంగీతం తెలిసినవారు, ఇంట్లో మాండలిన్ ఉండేది. పసివాడు దాన్ని చేతిలోకి తీసుకుని వాయిస్తుంటే తండ్రి అతని శక్తిని గుర్తించి కొత్త మాండలిన్ కొనిచ్చారు. తరవాత తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారే ఈ బాలుడికీ పాఠం చెప్పారు. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. అందుకని ఆయన పాడేవారు, శిష్యుడు విన్నది విన్నట్టుగా తీగ మీద పలికించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో మొదటి కచేరీ చేసేనాటికి శ్రీనివాస్‌కు తొమ్మిదేళ్ళు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించారు. 1998లో పద్మశ్రీ అందుకున్నారు. 2014 సెప్టెంబర్ 19న చెన్నైలో, 45 ఏళ్ళకే మనకు దూరమయ్యారు.

పిక్ సంగతి చెబుతానని ఈ జీవితకథ ఎందుకు చెప్పానంటే, ఆయన పాఠం నేర్చుకున్న తీరులోనే మీటు రహస్యం ఉంది. గురువు చూపించింది వేళ్ళ స్థానాలు కాదు, గాత్రం. గాత్రంలో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి మధ్య తెంపు ఉండదు. గమకం జారుతూ, ఊగుతూ వెళ్తుంది. ఒక్క అక్షరం మీద నాలుగైదు స్వరాలు కదులుతాయి. దాన్ని మాండలిన్ మీద పలికించాలంటే ఒక్క మీటులోంచి ఆ నాలుగైదు స్వరాలూ రావాలి. సాహిత్యంలో అక్షరం ఎక్కడ పడుతుందో మీటు అక్కడే పడాలి. అక్షరం లేని చోట మీటు పడితే పాట విరిగిపోతుంది.

అసలు మాండలిన్ దీనికి అనువైన వాద్యం కాదు. పాశ్చాత్య మాండలిన్‌కు నాలుగు జతల తీగలు ఉంటాయి. తీగ పొడవు గిటార్ తీగలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. అంత పొట్టి తీగ మీద నాదం తొందరగా ఆరిపోతుంది. అందుకే పాశ్చాత్య వాద్యకారులు దీర్ఘస్వరం కావలసిన చోట పిక్‌ను కిందికీ పైకీ ఆపకుండా ఆడిస్తారు. పైగా జత తీగల్ని పక్కకు లాగి గమకం పలికించబోతే రెండూ ఒకే కొలతలో కదలవు, శ్రుతి చెదురుతుంది. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ ఎంచుకుని, జతలు తీసేసి, ఐదు ఒంటి తీగలతో వాయించారు. ఒంటి తీగ కనుక గమకానికి లొంగింది. విద్యుత్తు సాయం కనుక ఒక్క మీటు నాదం చాలాసేపు నిలిచింది. కానీ విద్యుత్తు నాదాన్నే కాదు, పిక్ తీగను గీరిన చప్పుడును కూడా పెద్దది చేస్తుంది. కనుక ఇలాంటి సంగీతంలో పిక్ పని రెండే మాటలు. నాదాన్ని శుభ్రంగా మొదలుపెట్టాలి, వెంటనే దారి తప్పుకోవాలి. ఆయన రికార్డులు దగ్గర పెట్టుకుని రాగాలాపన భాగాన్ని మీట్ల మీదే మనసు పెట్టి వినండి. స్వరాలెన్ని, మీట్లెన్ని అని లెక్క కట్టండి. చాలా సంగతులు తెలుస్తాయి.

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురు కొసన ఉన్న సంగీతం చూద్దాం. అమెరికాలో ఫ్లాట్‌పికింగ్ అనే గిటార్ బాణీ ఉంది. దానికి పేరు తెచ్చినవారిలో ముందు చెప్పుకోవాల్సినవాడు డాక్ వాట్సన్. 1923 మార్చి 3న నార్త్ కరోలినా రాష్ట్రంలో పుట్టాడు. పసితనంలోనే చూపు పోయింది. 1950లలో ఒక డాన్స్ బృందంలో గిటార్ వాయించేవాడు. ఆ బృందంలో ఫిడేలు లేదు. ఆడేవాళ్ళకేమో ఫిడేలు పాటలే కావాలి. ఆ పాటల్ని డాక్ వాట్సన్ గిటార్ మీదికి తెచ్చాడు. ముందు ఎలక్ట్రిక్ గిటార్ మీద, తరవాత మామూలు గిటార్ మీద. పక్కవాద్యంగా తాళం వేస్తూ ఉండే గిటార్ అలా ముందు వరుసలోకి వచ్చింది. ఆయన తరవాత క్లారెన్స్ వైట్, టోనీ రైస్ వంటివారు ఆ బాణీని ఇంకా పైకి తీసుకెళ్ళారు. డాక్ వాట్సన్ 2012 మే 29న మరణించాడు.

ఆలోచిస్తే ఈ ఇద్దరూ చేసిన పని ఒకటే. పాలకొల్లు బిడ్డ గాత్రాన్ని మాండలిన్ మీదికి తెచ్చాడు. నార్త్ కరోలినా మనిషి ఫిడేలును గిటార్ మీదికి తెచ్చాడు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది పిక్కే. కానీ ఫ్లాట్‌పికింగ్‌లో ప్రతి స్వరానికీ ఒక మీటు ఉంటుంది. ఒకటి కిందికి, ఒకటి పైకి, మళ్ళీ కిందికి. నిమిషానికి 120 దెబ్బల వేగంలో, దెబ్బకు నాలుగు స్వరాల చొప్పున వాయిస్తే సెకనుకు 8 మీట్లు పడతాయి. ప్రతి మీటూ ముత్యంలా విడిగా వినబడాలి. పక్కన బాంజో, ఫిడేలు గట్టిగా మోగుతుంటే విద్యుత్తు లేని గిటార్ వాటి మధ్య నిలబడాలి. ఆ పిక్ గట్టిగా ఉండాలి, వంగకూడదు, తీగ మీంచి చటుక్కున జారిపోవాలి.

అటు ఒక మీటుకు అనేక స్వరాలు, ఇటు ఒక స్వరానికి ఒక మీటు. మన సినిమా పాటలకు, కీర్తనలకు పక్కవాద్యంగా గిటార్ వాయించేటప్పుడు మూడో పద్ధతి వస్తుంది. ఒక్క ఊపులో ఆరు తీగలూ కలిపి మోగించడం. ఈ మూడు పనులకూ ఒకే పిక్ సరిపోదు. మీరు ఎక్కువగా చేసే పని ఏదో తేల్చుకోండి. ఆ తరవాత ఎంపికలోకి దిగుదాం.

మొదట చూడాల్సింది మందం. పిక్ మందాన్ని మిల్లీమీటర్లలో చెబుతారు, చాలా పిక్‌ల మీద అంకె అచ్చువేసి ఉంటుంది. 0.6 లోపు ఉన్నవి పలుచనివి. 0.7 నుంచి 0.85 దాకా మధ్యరకం. 1 మిల్లీమీటరు దాటితే మందమైనవి. పలుచని పిక్ తీగకు తగలగానే వంగుతుంది. ఆరు తీగల మీదా ఊపు వేసేటప్పుడు ఆ వంగడం మేలే చేస్తుంది, శబ్దం మెత్తగా పరుచుకుంటుంది. ఒక్కో తీగ మీద స్వరం వాయించేటప్పుడు అదే వంగడం అడ్డవుతుంది. మీ చెయ్యి కదిలిన క్షణానికీ తీగ పలికిన క్షణానికీ మధ్య ఎడం పడుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ ఎడం చేతికి చిక్కదు. అందుకే ఫ్లాట్‌పికింగ్ చేసేవాళ్ళు సాధారణంగా 1 నుంచి 1.5 మిల్లీమీటర్ల మధ్య ఉన్న పిక్ వాడతారు. మాండలిన్ వాయించేవాళ్ళలో ఇంకా మందమైనవి వాడేవాళ్ళు కూడా ఉన్నారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పిక్ మందానికీ తీగ మందానికీ పొంతన ఉండాలి. ఫ్లాట్‌పికింగ్ వాళ్ళు గిటార్‌కు దిట్టమైన తీగలు కడతారు. మన దగ్గర నేర్చుకునే పిల్లల గిటార్లకు వేళ్ళు నొప్పి పుట్టకుండా సన్నని తీగలు కడతాం. ఆ సన్నని తీగను 1.5 మిల్లీమీటర్ల పిక్‌తో బలంగా కొడితే తీగ మెట్ల మీద కొట్టుకుని చిటచిటలాడుతుంది. పిల్లలు 0.73తో మొదలుపెట్టి, చెయ్యి కుదిరాక 0.88కి, తరవాత 1 మిల్లీమీటరుకు పెరగడం మంచిది. ఒకేసారి మందమైనది పట్టిస్తే పిల్లవాడు భయంతో వేళ్ళు బిగిస్తాడు. బిగిసిన చేతికి వేగం రాదు.

రెండోది మొన. మందం కన్నా దీని ప్రభావం ఎక్కువని నా నమ్మకం. కారణం తీగ స్వభావంలోనే ఉంది. పిక్ తీగను పక్కకు లాగినప్పుడు తాకిన చోట తీగ ఒక కోణంగా వంగుతుంది. మొన సూదిగా ఉంటే ఆ కోణం పదునుగా ఏర్పడుతుంది. వదలగానే అసలు స్వరంతో పాటు దాని పై పై అనుస్వరాలు కూడా బలంగా మోగుతాయి. శబ్దం మెరుపుగా, స్పష్టంగా, ఒక్కోసారి కటువుగా వినిపిస్తుంది. మొన గుండ్రంగా ఉంటే కోణం కూడా గుండ్రబడుతుంది, పై అనుస్వరాలు తగ్గుతాయి, నాదం నిండుగా మెత్తగా వస్తుంది. మామూలు పిక్‌కు ఒక మొన ఉంటుంది, పైన రెండు భుజాలు వెడల్పుగా ఉంటాయి. ఆ భుజాలు మొనకన్నా గుండ్రంగా ఉంటాయి. అంటే మీ దగ్గర ఇప్పుడున్న పిక్‌లోనే రెండు నాదాలున్నాయి. పిక్ తిప్పి భుజంతో మీటి చూడండి. చాలామంది మాండలిన్ వాద్యకారులు మూడు మూలలూ గుండ్రంగా ఉన్న పెద్ద త్రికోణం పిక్ వాడేది ఈ నిండుతనం కోసమే. వాద్యం పొట్టిది, శబ్దం సహజంగానే పదునైనది, దానికి గుండ్రని మొన సమతూకం తెస్తుంది.

ఎక్కడ మీటుతున్నారన్నదీ దీనితో ముడిపడి ఉంది. బ్రిడ్జి దగ్గర మీటితే అనుస్వరాలు పెరిగి శబ్దం కటువై పలుచబడుతుంది, తీగ నడిమికి వచ్చేకొద్దీ మెత్తబడుతుంది. పిక్ సరిలేదని తేల్చేముందు చెయ్యి రెండు అంగుళాలు అటూ ఇటూ జరిపి వినాలి. డబ్బు ఖర్చు లేకుండా తీరిపోయే లోపాలు ఇక్కడ చాలా ఉన్నాయి.

మూడోది పదార్థం. ఇక్కడ చరిత్ర కూడా ఉంది. 1922లో న్యూయార్క్‌లో లుయీజీ డాండ్రియా అనే వ్యాపారి సెల్యులాయిడ్ పలకల నుంచి పిక్‌లు కోసి అమ్మడం మొదలుపెట్టాడు. ఇవాళ ప్రపంచమంతా వాడే మామూలు పిక్ ఆకారం ఆయన కంపెనీ వరుసలో 351వ నంబరు. సెల్యులాయిడ్ అంటే నైట్రోసెల్యులోజ్‌లో కర్పూరం కలిపి చేసిన పదార్థం, పాతకాలం సినిమా రీళ్ళు కూడా దానివే. నాదం వెచ్చగా ఉంటుంది. తొందరగా అరుగుతుంది, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. తరవాత నైలాన్ వచ్చింది. మెత్తన, ఊపు వాయించడానికి హాయి. 1981లో డన్‌లప్ కంపెనీ టోర్టెక్స్ అనే రకం తెచ్చింది. రంగును బట్టి మందం చెప్పేయొచ్చు. నారింజ 0.60, పసుపు 0.73, ఆకుపచ్చ 0.88, నీలం 1.0, ఊదా 1.14. మన దుకాణాల్లో ఎక్కువగా దొరికే మంచి పిక్ ఇదే. తడి అంటదు, చెమట చేతిలో కూడా పట్టు నిలుస్తుంది, ధర వంద రూపాయల లోపు.

చెమట మాట ఎందుకన్నానంటే డెల్టాలో ఉంటున్నాం కనుక. నర్సాపురంలోనో, అమలాపురంలోనో మే నెలలో ఆరుబయట వేదిక మీద వాయించేవాళ్ళకు తెలుసు, పాట సగంలో పిక్ వేళ్ళ మధ్య తిరిగిపోతుంది. గాలిలో తేమ కూడా పిక్ మీద పనిచేస్తుంది. నైలాన్ తేమ పీల్చి ఇంకా మెత్తబడుతుంది. పాల నుంచి తీసిన కేసీన్ అనే మాంసకృత్తుతో చేసే ఖరీదైన పిక్‌లు ఉన్నాయి. వాటి నాదం చాలా బాగుంటుంది, కానీ తేమకూ చెమటకూ అవి వంకర పోతాయి. కొమ్ముతో చేసినవీ అంతే. చల్లని పొడి దేశంలో వాయించేవాడు పొగిడాడని వాటిని మనం తెప్పించుకోనక్కర్లేదు. మన వాతావరణానికి తేమ పీల్చని పదార్థాలే నమ్మకమైనవి.

నాలుగోది అంచు. చేత్తో తడిమితే తెలుస్తుంది. అచ్చులో కోసి వదిలేసిన పిక్ అంచు గరుకుగా, నిలువుగా ఉంటుంది. మంచి పిక్ అంచును ఏటవాలుగా చెక్కి నున్నగా మెరుగు పెడతారు. ఏటవాలు అంచు తీగ మీంచి జారుతుంది, గరుకు అంచు గీరుతుంది. విద్యుత్తుతో వాయించేటప్పుడు వినిపించే బరబర చప్పుడు చాలావరకు అంచుదే. మీ పిక్ అంచును సన్నని ఎమరీ కాగితం మీద నెమ్మదిగా రుద్ది, తరవాత మందపాటి బట్ట మీద రుద్దితే ఆ చప్పుడు చాలా తగ్గుతుంది. వాడగా వాడగా అంచు మళ్ళీ గరుకు తేలుతుంది, మొన ఒకవైపే అరుగుతుంది. వారానికోసారి చూసుకోవాలి.

ఇక ఖరీదైన పిక్ సంగతి. అమెరికాలో టెనెసీ రాష్ట్రంలో తయారయ్యే బ్లూ చిప్ పిక్‌లు ఫ్లాట్‌పికింగ్ లోకంలో పేరు పొందాయి. వాటిని వెస్పెల్ అనే పదార్థం నుంచి కోస్తారు. అది డ్యూపాంట్ కంపెనీ పాలీఇమైడ్, విమాన ఇంజన్లలో వేడినీ రాపిడినీ తట్టుకోవలసిన భాగాలకు వాడేది. ధర మామూలు పిక్‌ల కంటే చాలా ఎక్కువ. మాండలిన్ వాద్యకారుడు క్రిస్ థీలీ వాడే పిక్ వీటిలోనిదే. నెదర్లాండ్స్‌లో వెగెన్ పేరుతో వచ్చే పిక్‌లూ పేరున్నవే, వాటి ధర అంతకంటే తక్కువ.

ఈ డబ్బుకు దొరికేది ఏమిటి? అరుగుదల చాలా తక్కువ. ఒక పిక్ ఏళ్ళ తరబడి నిలుస్తుంది, మొన ఆకారం మారదు కనుక మీ చెయ్యి ఒకే నాదానికి అలవాటు పడుతుంది. అంచు ముందే చెక్కి, మెరుగు పెట్టి ఇస్తారు. తీగ మీద జారుడు ఎక్కువ. చేతి వేడికి వేళ్ళకు పట్టు కుదురుతుందని వాయించేవాళ్ళు చెబుతారు. ఇవి నిజమైన లాభాలు. దొరకనిది ఏమిటంటే చెయ్యి. మీటు కోణం, మణికట్టు సడలింపు, కిందికీ పైకీ సమానంగా పడే బలం, ఇవి ఏ పిక్‌లోనూ కలిసి రావు.

అందుకని నా సలహా ఇది. రోజూ వాయించేవారై, మీకు నప్పే మందం, మొన ఏవో చౌక పిక్‌ల మీదే తేల్చుకున్నవారైతే, వేల రూపాయలు పెట్టి ఒక్కటి కొనుక్కోండి. అది విలాసం కాదు, పనిముట్టు. మందమూ మొనా తేలకుండా కొనకండి. ఏడాదిలోపు నేర్చుకుంటున్న పిల్లలకు అసలు కొనివ్వకండి. ఆ డబ్బుతో కొత్త తీగలు వేయించి, బ్రిడ్జి, మెట్లు సరిచేయించండి. పిల్లవాడికి అంతకన్నా మేలు జరుగుతుంది.

తేల్చుకోవడం ఎలా అంటారా? మూడు రకాల మందంలో, ఒకే పదార్థంలో పిక్‌లు తీసుకోండి. ఒకే తీగ, ఒకే చోట, మీకు బాగా వచ్చిన ఒకే పాట వాయించండి. నెమ్మదిగా ఒకసారి, వేగంగా ఒకసారి, ఒకే స్వరం మీద ఆపకుండా కిందికీ పైకీ ఒకసారి. ఫోన్‌లో రికార్డు చేసి మర్నాడు వినండి. వాయించేటప్పుడు చెవికి అందని తేడాలు వినేటప్పుడు తెలుస్తాయి. మందం తేలాక అదే మందంలో రెండు మొనలు పోల్చండి. పదార్థం చివర. ఒకేసారి రెండు సంగతులు మార్చితే ఏది మార్పు తెచ్చిందో తెలియదు. వీలైతే మరొకరిచేత వాయింపించి, కొంచెం దూరంగా కూర్చుని వినండి. వినేవాళ్ళకు చేరే నాదం అదే.

ఏ సంగీతానికి ఏది అని సూటిగా అడిగితే, నా అనుభవంలో ఇలా. పాటకు పక్కన ఊపు వాయించేవాళ్ళకు 0.6, 0.7 చాలు. ఫ్లాట్‌పికింగ్ నేర్చుకునేవాళ్ళకు 1.2 నుంచి 1.4, మొన మధ్యరకం, ఏటవాలు అంచు. కర్ణాటక సంగీతం, లేదా గమకం ఉన్న మన పాటలు గిటార్ మీద, మాండలిన్ మీద పలికించాలనుకునేవాళ్ళకు 1 దాటిన మందం, గుండ్రని మొన, అద్దంలా మెరుగు పెట్టిన అంచు. వాళ్ళకు వేగం కన్నా మీటు మొదలులో శుభ్రత ముఖ్యం.

పదార్థాల గురించి చెబుతూ ఒక సంగతి విడిచిపెట్టాను, అది విడిగా చెప్పాల్సింది. పాతకాలంలో అన్నిటికన్నా గొప్ప పిక్ తాబేలు చిప్పతో చేసినదని వాయించేవాళ్ళలో చాలామంది అనేవారు. టోనీ రైస్ వంటి మహా వాద్యకారుడు దాన్నే వాడాడు. ఆ చిప్ప హాక్స్‌బిల్ అనే సముద్ర తాబేలుది. దాని కోసం ఆ జాతిని అంతరించే దశకు తెచ్చారు. 1977 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం నిషిద్ధం. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సముద్ర తాబేళ్ళకు రక్షణ ఇస్తోంది. కాకినాడ ఎదుట ఉన్న హోప్ ఐలాండ్ ఇసుకలోకి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వచ్చే తీరం మనది. జాతి వేరైనా ఆపద ఒకటే. పాత చిప్ప అనో, విదేశం నుంచి అనో ఎవరైనా అమ్మజూపితే తీసుకోకండి. ఒక ప్రాణి వంశం పోగొట్టి తెచ్చుకునే నాదం మనకు వద్దు.

దానికి బదులు మన చేతికి అందే పదార్థం ఒకటుంది. కొబ్బరి చిప్ప. ఇది నా ఊహ కాదు. హిందుస్తానీ సంగీతంలో సరోద్ వాయించేవాళ్ళు మీటే పలకను జవా అంటారు, దాన్ని తరతరాలుగా కొబ్బరి చిప్పతో చేసుకుంటున్నారు. సరోద్ కూడా ఒక మీటులో అనేక స్వరాలు జారే వాద్యమే. మన మార్గానికి దగ్గరి చుట్టం. కొబ్బరి చిప్ప నాదం మెత్తగా, గుండ్రంగా ఉంటుంది, మీటు మొదట్లో గీరే చప్పుడు తక్కువ.

కోనసీమలో కొబ్బరి చిప్ప లేని ఇల్లు ఉండదు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్ పేరు తెలియని వ్యాపారి ఉండడు. ముదురు కాయ చిప్ప, బాగా ఎండినది తీసుకోండి. వంపు తక్కువ ఉన్న భాగం ఎంచి, పాత పిక్ పెట్టి గీత గీసి, సన్నని రంపంతో కోయండి. పైపీచు గీకి, ఆకురాయితో లోపలా బయటా సమం చేసి, 2 మిల్లీమీటర్ల మందానికి తీసుకురండి. మొన దగ్గర ఇంకాస్త పలుచగా, ఏటవాలుగా దించండి. గరుకు నుంచి సన్నం దాకా ఎమరీ కాగితాలు మార్చుతూ నున్నగా రుద్దండి. చివర కొబ్బరినూనె ఒక చుక్క రాసి తుడిచేయండి. కొన్ని విరుగుతాయి, కొన్ని అరుగుతాయి. చిప్పకు ఖర్చు లేదు కనుక ఇంకోటి చేసుకోవచ్చు. ఫ్లాట్‌పికింగ్ వేగానికి ఇది వెస్పెల్‌తో పోటీ పడదు. నెమ్మదిగా సాగే గమకానికి మాత్రం చాలా బాగా ఒదుగుతుంది.

గిటార్ నేర్పే మాస్టార్లకు నా మనవి. తరగతిలో పిల్లలందరికీ ఒకే పిక్ ఇవ్వకండి. నాలుగు రకాలు పెట్టి, కళ్ళు మూసుకుని వినమనండి, ఏ నాదం ఎందుకు నచ్చిందో చెప్పమనండి. చెవి అలా తయారవుతుంది. కొబ్బరి చిప్పతో బొమ్మలు, గిన్నెలు చేసే కోనసీమ కళాకారులకు ఇంకో మనవి. మీ చేతిలో ఉన్న ఆకురాయితో పది పిక్‌లు చేసి దగ్గరలో ఉన్న సంగీతం మాస్టారికి చూపించండి. పాలకొల్లులో పుట్టిన ఒక పిల్లవాడు పిక్ పట్టుకుని కర్ణాటక సంగీతానికి కొత్త వాద్యాన్ని ఇచ్చాడు. ఆ గడ్డ మీద పిక్ తయారీ కూడా ఒక పనిగా నిలబడాలి.

నేర్చుకునే పిల్లలూ, మీరు వాయించే పాటలో ఒక మీటుకు ఎన్ని స్వరాలో ముందు వినండి. దాన్ని బట్టి పిక్ ఎంచుకోండి. ఎంచుకున్నాక చెయ్యి కుదిరేదాకా మార్చకుండా దానితోనే సాధన చేయండి.